వెనక పిలుపు

చేపల వేటకు పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మైపాడు తీరంలో ఇది పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. పలక పట్టిన రోజారమణికీ తెలుసు. అయినా ఆ పొద్దున నాయన ముత్యాలయ్య అన్నం క్యారియరు మరిచి పడవ వైపు పోతుంటే, నోరు ఊరుకోలేదు. "నాయనా!" అని కేకేసింది. ఆయన వెనక్కొచ్చి క్యారియరు అందుకుని, నవ్వి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

"నువ్వు పిలిస్తివి, సముద్రం తీసుకునింది" అన్నది తల్లి చెంచమ్మ. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. చెంచమ్మ తీసుకోవాలని చూడనూ లేదు.

ఆ ఇసుకలోనే పరుగు నేర్చి రోజారమణి ఒలింపిక్స్ దాకా వెళ్లింది. రిలే పందెం. ముందున్న అమ్మాయి వెనక్కి చూడదు. కర్ర తెచ్చేవాళ్లు వెనక నుంచి కేకేస్తేనే చెయ్యి చాపుతుంది. శిక్షణలో ఎలాగో గొంతు పెకల్చుకుని అరిచేది. ఆరోజు ఆ వీపు చూడగానే నాయన వీపు గుర్తొచ్చింది. గొంతు పెగల్లేదు. కర్ర అందలేదు. జట్టును పోటీ నుంచి తీసేశారు. జనం నాలుగు రోజులు తిట్టి మరిచిపోయారు. తిట్టడానికైనా మనకు ఓపిక ఉండొద్దూ? కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఇందుకూరుపేట వైపు ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరైంది. చేపలు పట్టే పల్లెకారుల ఆడపిల్లలకు పరుగు కంటే ముందు కేక నేర్పింది.

"గట్టిగా అరవండిమే! వెనక నుంచి పిలిస్తే ఎవురికీ ఏం గాదు."

పిల్లలు నమ్మారు. తానే నమ్మలేదు.

మొన్న వానాకాలంలో చెంచమ్మకు గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నెల్లూరు ఆస్పత్రిలో స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే, తలుపు దగ్గర ఆపమన్నది.

"రమణా, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. ఒక్కసారి వెనక నుంచి పిలువుమే. ఏం గాదని నీకు చూపిస్తా. తిరిగొస్తా గదా!"

ఆ మాట కోసమే ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి నోరు తెరిచింది. అమ్మ కూడా పోతే? ఆ భయానికి కేక రాలేదు. తలుపులు మూసుకున్నాయి.

పిలవకపోయినా అమ్మ తిరిగి రాలేదు.

దినాలయ్యాక బడికి వెళ్లింది. రిలేకు ఒక పిల్ల తక్కువైతే కర్ర తానే పట్టుకుని పరిగెత్తింది. ముందు, కర్ర అందుకోవాల్సిన సుభాషిణి చిన్న వీపు కనిపించింది.

"అమ్మా!" అని అరిచింది రోజారమణి, మైదానమంతా వినపడేట్టు.

ఆ పిల్ల వెనక్కి చూడకుండా చెయ్యి చాపింది.