ఎదురుకాళ్ల డాక్టరమ్మ

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు కాలితో తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మా శృంగవరపుకోట వైపు గట్టి నమ్మకం. చిన్నప్పుడు పొద్దున్నే ఎవరో ఒకరు మా అరుగు మీద బోర్లా పడుకుని ఉండేవారు. వాళ్లని తొక్కితే గానీ నాకు బడి లేదు. ఆ పేరు వదిలించుకోవాలన్న పంతంతోనే డాక్టరీ చదివానంటే అబద్ధం కాదు.

అరవైల చివర్లో శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి ఎముకల వార్డులో చేరాను. ఒకరోజు సముద్రపొడ్డు ఊరి నుంచి ఒక జాలరి తన కొడుకుని తీసుకొచ్చాడు. కొడుకు కాలేజీ తరఫున ఈటె విసురుతాడు. మోచెయ్యి లోపలివైపు వాచిపోయి ఉంది. పరీక్ష చేస్తే, కీలుని పట్టి ఉంచే లిగమెంటు సాగిపోయిందని తెలిసింది. అదృష్టం, తెగలేదు. విశ్రాంతి ఇస్తే కుదురుకుంటుంది, ఇలాగే విసిరితే ఆ చేత్తో ఇక ఆట ఉండదు. అదే చెప్పి, పిండికట్టు వేస్తానన్నాను.

"కట్టొద్దు డాట్రమ్మా," అన్నాడు తండ్రి. "తవఁరు ఎదురుకాళ్లతో పుట్టినోరంట గదా. ఓపాలి కాలెట్టండి, సాలు. విజీనారంలో పోటీలున్నాయి, ఈడు ఇసరాల."

నా ఒళ్లు మండిపోయింది. ఇంత చదువూ చదివి మళ్లీ కాలి దగ్గరికే వచ్చానా? పొమ్మనబోయాను. కానీ పొమ్మంటే ఆ కుర్రాడు మర్నాడే ఈటె పడతాడు. చెప్పు విప్పి, ఎడమకాలు ఆ మోచేతికి ఆనీ ఆనకుండా తాకించాను.

"ఇక ఈ చెయ్యి నాది. నేను విప్పేదాకా కట్టు ఉండాలి. విసురువల, ఈటె, రెండూ ముట్టుకోకూడదు. మాట తప్పారో, కాలి గుణం పోతుంది."

డాక్టరు మాట వినని మనిషి కాలి మాట విన్నాడు. కట్టు విప్పాక గోరువెచ్చని నీళ్లలో చెయ్యి మడిచి చాపడం, రబ్బరు బంతి పిసకడం నేర్పాను. తర్వాత ఆసుపత్రి వెనక జాగాలో ఆ బంతినే విసరమంటే అసలు సంగతి బయటపడింది. వల విసిరినట్టే పక్క నుంచి తిప్పి విసురుతున్నాడు. మోచెయ్యి భుజం కిందికి జారిపోయి భారమంతా లిగమెంటు మీద పడుతోంది. చెయ్యెత్తి విసరడం అలవాటయ్యేదాకా వాణ్ణి తిడుతూనే ఉన్నాను.

ఆ ఏడు పోటీలు పోయాయి. మరుసటి ఏడు విజయనగరం మైదానంలో వాడి ఈటె అందరి ఈటెలూ దాటి దిగబడింది. కుర్రాడు దూరం నుంచే నాకు మోచెయ్యి మడిచి, చాపి చూపించాడు. తండ్రి పరిగెత్తుకొచ్చి, "ఈ కాలే! మావోడి సెయ్యి నిలబెట్టింది ఈ కాలే!" అని అందరికీ వినపడేలా అరుస్తూ నా కుడికాలికి దండం పెట్టాడు.

"ఆ కాలు కాదయ్యా," అన్నాను, ఎడమకాలు ముందుకి పెడుతూ. "ఇది."