అత్తగారు ఎక్కిన కారు

ఒక కార్ల మెకానిక్ ఉండేవాడు. ఎవరైనా కారు వేడెక్కుతోందని వస్తే, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు కళ్లు మూసుకునేవాడు. మనుషుల మూలుగు కన్నా ఇంజన్ మూలుగే ఆయనకి ముందు వినబడేది. ఒక మండుటెండ మధ్యాహ్నం, జ్వరంతో ఉన్న అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే సొంత కారే వేడెక్కింది. వెంటనే లోపలి హీటర్ పూర్తిగా పెట్టేశాడు.

"మీకేమైనా మతిపోయిందా? అమ్మ ఉడికిపోతోంది!" అని భార్య అరిచింది.

"ఇంజన్ వేడి ఇటు లాగేస్తే అది చల్లబడుతుందే. అత్తయ్యా, కాస్త ఓర్చుకోండి," అన్నాడు, వేడి చూపించే ముల్లు మీంచి చూపు తిప్పకుండా.

ఆస్పత్రి చేరేసరికి ముల్లు దిగింది. అత్తగారు చెమటతో తడిసి ముద్దయింది. డాక్టర్ ఆవిడ నుదురు తాకి, "జ్వరం లేదే! ఏం మందు వేశారు?" అన్నాడు.

"మందేమీ లేదు బాబూ. మా అల్లుడు కారుకి చేసిన వైద్యం నాకు పట్టింది," అని మెచ్చుకుని, ఆవిడ ఇంటికి మాత్రం బస్సులో వెళ్లింది.