పెద్దమ్మ అనని మాట

మూడో అంతస్తు పెద్దమ్మ పోయిందని నాకు మనుషులెవరూ చెప్పలేదు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన గోడకున్న టీవీ చెప్పింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి లిఫ్టు కోసం నిలబడ్డాను. తెర మీద ఒక నగల దుకాణం ప్రకటన వెళ్ళింది, రేపు నీళ్ళ లారీ ఆలస్యమని నోటీసు వచ్చింది, ఆ తరువాత పెద్దమ్మ ఫోటో. చుట్టూ గులాబీలు, కింద దీపం. దీపం కింద ఒక వాక్యం: "సర్దుకుపోయేవారికి ప్రతి ఇల్లూ స్వర్గమే." ఆ వాక్యం కింద, అది ఆమె సూక్తి అన్నట్టు, ఆమె పేరు.

ఆ మాట ఆమె జన్మలో అనలేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా కోపమే ముందుంది, పాఠకులు క్షమించాలి.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఉద్యోగం కోసం గుంటూరు నుంచి చెన్నైలోని పురసవాక్కం వచ్చి, ఆమె ఎదురింట్లో అద్దెకు దిగాను. మొదటి రోజు "ఆంటీ" అన్నాను. "అదేందిమ్మా, తెలుగు పిల్లవి గదా, పెద్దమ్మా అను" అంది. తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం వాళ్ళది. జార్జి టౌన్‌లో ఒక బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. సుద్దముక్క వదల్లేక, లిఫ్టు పక్కన ఒక నల్లబల్ల తగిలించి రోజూ పొద్దున్నే "నేటి మాట" రాసేది. పైన తెలుగు, కింద తమిళం.

గొప్పవాళ్ళ సూక్తుల జోలికి పోయేది కాదు. ఈ బిల్డింగులో నిన్న ఎవరో ఒకరు అన్న మాటే, అదీ తన చెవిన పడిందే రాయాలని ఆమె నియమం. అన్నవాళ్ళను అడిగి, ఒప్పుకుంటేనే, అన్నదెవరో కింద పెట్టి రాసేది. సాయంత్రాలు మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళ మాటల్లోంచి కూరాకు ఏరినట్టు ఒకటి ఏరుకునేది. "హారన్ కొట్టకుండా ఆగినోళ్ళకి గేటు తొందరగా తీస్తా" అని ఒకరోజు వాచ్‌మన్ మాట. "నాకు అన్నానికి ఆకలి లేదు, బిస్కెట్టుకే ఉంది" అని ఇంకోరోజు ఒకటో అంతస్తు పాప మాట. భార్య పోయిన రెండో అంతస్తు పెద్దాయన "ఇప్పటికీ కాఫీ రెండు గ్లాసులకే కలిపేస్తున్నా" అన్న మాట బల్లకెక్కిన రోజు, లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకున్నా ఎవరూ కదల్లేదు. ఆ వారమంతా ఎవరో ఒకరు ఆయన ఇంటికి రెండో గ్లాసు తాగడానికి వెళ్ళారు.

ఒకసారి నేనూ ఉత్సాహపడి, ఫోన్లో వచ్చిన ఓ మహానుభావుడి సూక్తి చూపించాను. ఆమె కళ్ళజోడు సర్దుకుంది.

"ఎవురన్నారు ఇది?"

"కింద పేరుంది కదా పెద్దమ్మా."

"పేరు ఎవురైనా పెడతారు. అన్నప్పుడు ఆడ ఎవురుండారు? విన్నోళ్ళెవురు?"

ఫోన్ బ్యాగులో పెట్టేశాను. ఎవరు ఏ సూక్తి పట్టుకొచ్చినా ఇదే వరస. పోయినవాళ్ళ నోట్లో మాటలు పెట్టడమంటే ఆమెకు అసహ్యం.

మా అసోసియేషన్‌కు ఒక రూలుంది. పనివాళ్ళు లిఫ్టు ఎక్కకూడదు. కానీ పై అంతస్తుల వాళ్ళు కొందరు చెత్త సంచిని లిఫ్టులో పెట్టి, కిందికి పంపించేవారు. మెట్లు కడిగే ఆమెదీ ఈ ఊరి తెలుగే. ఒకరోజు నడుం పట్టుకుని దిగుతూ పెద్దమ్మతో ఓ మాట అంది. మర్నాడు బల్ల మీద అదే ఉంది: "వాళ్ళ చెత్త లిఫ్టులో దిగతాది. నేను మాత్రం మెట్ల మీద దిగాల."

కాఫీ గ్లాసు మాటకు కళ్ళు తుడుచుకున్నవాళ్ళే ఈ మాటకు మండిపడ్డారు. అసోసియేషన్ సెక్రటరీ మా గుంటూరు వైపు నుంచి వచ్చినవాడే. బిల్డింగు పరువు పోతోందన్నాడు. వారం తిరక్కుండా బల్ల పీకించి టీవీ పెట్టించాడు. రూలు మాత్రం అలాగే ఉంది.

పెద్దమ్మ గొడవ పడలేదు. ఆ రోజు నుంచి లిఫ్టు ఎక్కడం మానేసింది. మోకాళ్ళు అరిగిన మనిషి, కమ్మీ పట్టుకుని, రెండో అంతస్తు మలుపులో ఆయాసం తీర్చుకుని, మళ్ళీ ఎక్కేది. నేను బతిమాలితే, "లిఫ్టులో అందురూ ఫోన్లు చూస్తా ఉంటారు. మెట్ల మీదే గదమ్మా మాటలు దొరికేది" అనేది. అది సగం నిజం. మిగతా సగం బిల్డింగులో అందరికీ తెలుసు.

పాడె లిఫ్టులో పట్టదు. ఆమెను మెట్ల మీదుగానే దించారు.

శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చాక సెక్రటరీని లిఫ్టు దగ్గర పట్టుకున్నాను.

"ఆ మాట ఆవిడ అనలేదండీ. తీసేయండి."

"మంచి మాటే కదండీ. ఆవిడ మీద గౌరవంతోనే కదా పెట్టించాను."

"సర్దుకుపోలేదనే కదా మీరు బల్ల పీకించింది!"

అతను ముఖం చిట్లించాడు. "పోనీ, ఆవిడ అన్న మాటేదో మీరే చెప్పండి. ఇప్పుడే మార్పించేస్తా."

నోరు తెరిచాను. గుర్తొచ్చినవన్నీ వాచ్‌మన్‌వి, పాపవి, పెద్దాయనవి. అందరి మాటలూ బల్లకెక్కించిన మనిషి తన మాట ఒక్కటీ రాసుకోలేదు. నేను తడబడుతుంటే అతను "చూశారా" అని లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను మెట్లెక్కాను. రెండో అంతస్తు మలుపులో, ఆమె ఆగే చోట ఆగాను. అప్పుడు తట్టింది. గబగబా దిగి, గేటు ముందు ముగ్గు వేసే సుద్దముక్క తీసుకుని, టీవీ కింద ముదురు ఆకుపచ్చ గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను: "ఎవురన్నారు ఇది?" కింద, ఆమె పద్ధతిలోనే, అన్నవాళ్ళెవరో కూడా రాశాను: మూడో అంతస్తు పెద్దమ్మ.

మర్నాడు పొద్దున్నే సెక్రటరీ దాన్ని తుడవమన్నాడట. తుడవాల్సింది మెట్లు కడిగే ఆమే. నేను దిగేసరికి బకెట్లో గుడ్డ పిండుతోంది. గోడ తడిసి నల్లగా ఉంది.

"ఏం చేసేదిమ్మా, తుడవమన్నారు, తుడిచినా" అంది, నా వైపు చూడకుండా. "ఒక్క తూరి తడిగుడ్డ పెట్టినా, అంతే. ఆరినాక మళ్ళా కనబడితే దానికి నేనేం చేసేది?"

పెద్దమ్మ ఉంటే మర్నాడు బల్ల మీదకు ఆ మాటే ఎక్కేది.

ఆఫీసుకు ఆలస్యమవుతున్నా నిలబడ్డాను. తెర మీద నగలు వెళ్ళాయి, నీళ్ళ లారీ వెళ్ళింది, గులాబీల మధ్య పెద్దమ్మ వచ్చింది. కింద గోడ ఒక పక్క నుంచి ఆరుతూ వస్తోంది. ముందుగా "ఎ" తెల్లగా తేలింది.