కాకి కబురనుకున్న మధ్యాహ్నం

మొన్న తెనాలిలో మా అమ్మాయి ఇంట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటే, ఎక్కడో గాలివానకు విమానం కూలిందని టీవీలో చెప్పారు. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఏడవాలో ఊరుకోవాలో తెలియలేదు. విమానం అనగానే నాకు మా బాబాయే గుర్తొస్తాడు.

నా ఈడు వాళ్లకు తెలిసిందే, ఎవరినైనా కాకి తలమీద తన్నితే, ఆ మనిషి పోయాడని అయినవాళ్లకు అబద్ధపు కబురు పంపేవారు; విన్నవాళ్లు ఏడిస్తే గండం గడిచినట్టే. నా చిన్నప్పుడు, బొంబాయిలో ఉద్యోగం చేసే బాబాయి, సెలవు అయిపోయి బాపట్లలో పెదనాన్న ఇంటి నుంచి బయలుదేరుతుండగా ఆయన్ని కాకి తన్నిందని, రేపల్లెలో ఉన్న మాకు మేనత్త వచ్చి చెప్పింది. ఆ పైన ఆయన మద్రాసు వెళ్లి, మొదటిసారిగా విమానం ఎక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం పెదనాన్న పక్కింటాయన వానలో తడిసి ముద్దయి వచ్చి, తుపాను గాలికి ఆ విమానం కూలిపోయిందని, ఎవరూ మిగల్లేదని చెప్పాడు. బాబాయి భార్య, మా పిన్ని, గుమ్మంలోనే కూలబడింది. నానమ్మ మాత్రం ఆమె చెవిలో కాకి సంగతి గుర్తుచేసి, గట్టిగా ఏడవమంది. అందరం ఏడ్చాం. నేనైతే నవ్వాపుకోలేక పరికిణీలో మొహం దాచుకున్నాను. తర్వాత పిన్ని మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, కబురు తెచ్చినాయనకు కాఫీ కలిపి తెచ్చింది.

"నిజమేనండి పెద్దమ్మగారూ, రేడియోలో కూడా చెప్పారండి," అన్నాడాయన, ఎటు చూడాలో తోచక.

వానకు కరెంటు పోయి మా రేడియో మోగడం లేదు.

"అలాగే చెప్పమంటార్లే నాయనా. కాఫీ చల్లారిపోద్ది, తాగు," అంది నానమ్మ.

సాయంత్రానికి పెదనాన్నే వచ్చాడు. లోపలికి రాకుండా గేటు దగ్గర వానలో నిలబడి ఏడుస్తున్నాడు. అబద్ధపు కబురు పంపినవాళ్లు అలా ఏడవరని అందరికీ అర్థమైంది. కానీ మాకెవరికీ ఏడుపు రాలేదు, ఏడవాల్సింది ఏడ్చేశాం కదా అన్నట్టు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిన్ని లేచి వెళ్లి బావగారికి తువ్వాలు అందించి, అన్నం వడ్డించనా అని అడిగింది.

ఇప్పుడు కబురు వెనకే పోయినవాళ్ల ఫొటోలూ వచ్చేస్తున్నాయి, పొరపాటు పడటానికి కూడా ఎవరికీ వ్యవధి లేదు. అది మంచిదో కాదో నాకు తేలడం లేదు. అప్పట్లో ఊళ్లో అందరూ నానమ్మను తప్పుపట్టారు గానీ, పిన్ని బతికినన్నాళ్లూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ మధ్యాహ్నమంతా బాబాయి ఆమెకు బతికే ఉన్నాడు.