అప్పగింతలు ఉన్న డిస్కు

గుణదలలో పెళ్ళి వీడియో అంటే సుబ్బరత్నం గారే. ఉయ్యూరు పక్క పల్లెటూళ్ళో ఎనిమిదో తరగతితో చదువు ఆగినా, ఆడమనిషి భుజాన కెమెరా ఏమిటని పురోహితుడు మంత్రం ఆపి మరీ చూసిన రోజుల్లో పందిట్లోకి కెమెరాతో నడిచిన మనిషి. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి పెన్‌డ్రైవులొచ్చాయి. ఆవిడ దేనికీ వెనకబడలేదు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో సభలో శాలువా కప్పించుకుంది. అరవై దాటాక, తీసిన పెళ్ళిళ్ళన్నీ దాచడానికి ఇంట్లోనే సర్వరు పెట్టింది. "కంప్యూటర్ చదివినోళ్ళ ఇళ్ళల్లో చూపించండి చూద్దాం!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ సర్వరు చెప్పుల పెట్టెంత నల్లటి పెట్టె. లోపల రెండు డిస్కులు. ఒకదాంట్లో పడ్డది రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది ఉంటుంది. ఇంటికే ఏదైనా అయితే ఎలాగని, అన్నీ ఎక్కించిన మూడో డిస్కు ఉయ్యూరులో తమ్ముడింటి బీరువాలో ఉంచేది. అంత ముందుచూపున్న మనిషి కూడా ఆయుధపూజ రోజున ఒక పని చేసింది. పనిముట్లన్నిటికీ పూజ జరుగుతుంటే ఒక్కదాన్ని పరాయి ఊళ్ళో ఎలా వదులుతామని, ఆ మూడో డిస్కునూ తెప్పించింది. కెమెరాలు, లైట్లు, సర్వరు, డిస్కు అన్నీ ఒకే బల్ల మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, సర్వరుకు ఒత్తుగా బంతిపూల దండ వేసి, బల్ల అంచున కొబ్బరికాయ కొట్టింది. నీళ్ళు చిందితే తువ్వాలుతో తుడిచింది. పూజ చేసిన దండ ఆ రోజే తీయకూడదు కదా, అలాగే ఉంచింది.

మర్నాడు పొద్దున పెట్టె కీచుకీచుమని అరుస్తోంది. ముందు ఎర్ర దీపం. దండ జారి వెనక ఫ్యాను మీద పడుకుంది; పెట్టె చేత్తో ముట్టుకోలేనంత కాలుతోంది. రెండు డిస్కుల్లో ఒకటి పోయింది.

"పోతే పోయింది, మూడోది ఉందిగా," అనుకుని దాన్ని లాప్‌టాప్‌కు పెట్టింది. చప్పుడు లేదు. వైరు పెట్టే సందులోకి చూస్తే తడి, చుట్టూ కుంకుమ మరక. వేలు పెడితే జిగురుగా తగిలింది. కొబ్బరినీళ్ళు.

సుబ్బరత్నం గారి చేతులు మాత్రం ఆగలేదు. బీరువాలో ఉన్న కొత్త డిస్కు తీసి, పోయినదాని చోట దోపి, పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించమని నొక్కింది. అప్పుడు గేటు చప్పుడైంది.

వచ్చింది నాగాయలంక నుంచి పేరమ్మ. పేరమ్మ తమ్ముడు కొండలయ్య చేపల వ్యాపారి. శ్రావణంలో కూతురు చిన్ని పెళ్ళి చేసి, ఆనక నెల తిరక్కుండా గుండె ఆగి పోయాడు. సుబ్బరత్నం గారే వీడియో తీసిన ఆ పెళ్ళికి పేరమ్మ వెళ్ళలేకపోయింది. అప్పటికి కాలు విరిగి ఆసుపత్రిలో ఉంది.

"ఈడియో ముక్కలన్నీ కలిపి ఇంకా కుట్టలేదని పిల్ల చెప్పిందమ్మా. కుట్టకపోతే మానె. అప్పగింతలప్పుడు మావోడు ఏదో మాట్టాడాడంట, పందిరంతా ఏడ్చి నవ్విందంట. అదొక్కటీ ఇనిపించు. ఫోన్‌లో అడిగితే, 'ఈడియో వచ్చాక చూద్దువులే అక్కా' అని పెట్టేశాడు ఎదవ. నన్ను ఊరించి పోయాడు."

"కూర్చో పేరమ్మా. కాఫీ తాగు," అంది సుబ్బరత్నం గారు. కెమెరా కార్డులు ఎప్పుడో చెరిపి వేరే పెళ్ళిళ్ళకు వాడేసింది. కొండలయ్య గొంతు ఉన్నది ఇప్పుడు ఆ వేడి పెట్టెలో మిగిలిన ఒక్క డిస్కులోనే.

లోపలికొచ్చేసరికి ఆ డిస్కు టిక్కు, టిక్కుమంటోంది. పెట్టె అమ్మిన పవన్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

"అమ్మగారూ, కొత్తది పెట్టి ఎక్కించడం మొదలెట్టారా?" అతని గొంతు మారింది.

"పెట్టకేం? నాకు తెలీదనుకున్నావా?"

"ఆపేయండి! పాతది అలిసిపోయి ఉంది. మొదటి నుంచి చివరిదాకా చదివిస్తే మధ్యలో చచ్చిపోతుంది. కొత్తది లాగేయండి, ఫ్యాను గాలి కొట్టించండి. తప్పనిసరిగా కావాల్సింది ఒక్కటి ముందు లాప్‌టాప్‌లోకి లాక్కోండి. రెండోదానికి టైముంటుందో ఉండదో నేను చెప్పలేను."

జీవితంలో ఒకరు చెప్తే వినడం అలవాటు లేని మనిషి, మారుమాట లేకుండా కొత్త డిస్కు లాగేసింది. టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టెకు ఎదురుగా పెట్టింది. తెరమీద ఫోల్డర్ల వరుస వచ్చింది. అన్నిటికంటే పైన ఆవిడ తొలినాళ్ళలో తీసిన పెళ్ళిళ్ళు, క్యాసెట్ల నుంచి తనే మార్చుకున్నవి. శాలువా కప్పిన సభ కూడా అందులోనే. ఎప్పటికైనా తన పేరు నిలబెట్టేవి అవేనని నమ్మకం. వేలు ఆ ఫోల్డరు మీదికే వెళ్ళింది. ఎక్కడం మొదలైంది.

"ఏవమ్మా, ఇంకా దొరకలేదా?" హాల్లోంచి పేరమ్మ కేక. "అందరి మాటలూ దాచడానికి పెద్ద పెట్టె కొన్నావని చెప్పారే!"

సుబ్బరత్నం గారు హాలు వైపు చూసింది. ఎక్కుతున్నదాన్ని రద్దు చేసి, చిన్ని పెళ్ళి తెరిచింది. పెళ్ళంతా లాగే వ్యవధి లేదు. మంటపం ఎదుట నిలబెట్టిన కెమెరాలో కొండలయ్య వీపే ఉంటుంది. అప్పగింతలకు తను చేతి కెమెరాతో గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అతని మొహానికి మూరెడు దూరంలో నిలబడింది. ఆ ఒక్క ఫైలే పట్టుకుంది.

సగం దాకా బాగానే ఎక్కింది. టిక్కు. ఆగిపోయింది. ఆవిడ ఫ్యాను ఇంకా దగ్గరికి జరిపింది. ఎంత ఎక్కిందో చూపే గీత కదిలింది, మళ్ళీ ఆగింది, మళ్ళీ కదిలి అంచుకు చేరింది. తన పాత పెళ్ళిళ్ళ ఫోల్డరు కోసం మళ్ళీ వరుస పైకి వెళ్ళేసరికి పెట్టె దీర్ఘంగా ఒక్కసారి గీరి, నిశ్శబ్దమైపోయింది. ఫోల్డర్లన్నీ తెరమీంచి పోయాయి.

సుబ్బరత్నం గారు కొంగుతో మొహం తుడుచుకుని, లాప్‌టాప్ హాల్లోకి పట్టుకొచ్చింది.

తెరమీద కొండలయ్య అల్లుడి చేతిలో కూతురి చేయి పెట్టి అంటున్నాడు: "బాబూ, ఇది కోపమొస్తే అన్నం మానేస్తది. మా అక్క పెంపకం. బతిమాలబాక, కంచం ముందు పెట్టి నువ్వు తినడం మొదలెట్టు, అదే వచ్చి కూర్చుంటది. మా అక్కని నేనట్టాగే లొంగదీశా."

పేరమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"దొంగ సచ్చినోడు! నా ముందు తింటా కూర్చునేది అందుకా! మళ్ళీ ఎయ్యమ్మా."

"ఆగు పేరమ్మా," అంది సుబ్బరత్నం గారు, పెన్‌డ్రైవు కోసం సొరుగు వెతుకుతూ. "ముందు ఇంకోచోట పెట్టనీ. నీ ఫోన్ కూడా ఇలా ఇవ్వు."