ఖరగ్‌పూర్‌లో రెండు బోర్డులు, ఒకే చాప

మా ఆయనకు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకి బదిలీ అయింది. ఎనిమిది పూర్తిచేసిన మా అమ్మాయి లావణ్య సంగతే తేలలేదు. బోర్డు మారుతుంది కాబట్టి ఒక ఏడాది వెనక్కి వేయాల్సి రావచ్చని అక్కడి బడివాళ్ళు ఫోనులో చెప్పేసరికి, "చిన్నపిల్లల పక్కన కూర్చోను" అని భీష్మించుకుంది. బడి కుదరకపోతే ఆయన అక్కడ, మేం ఇక్కడ. ఆయనకు సెలవు దొరక్క, స్వయంగా చూసి తేల్చుకుందామని లావణ్యా నేనూ శనివారం రాత్రి విజయనగరంలో హౌరా బండి ఎక్కాం.

పొద్దున దిగి, ఆదివారం బడి ఉండదు కాబట్టి తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఝపటాపూర్ పేటలో వాకబు చేద్దామని ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరుది తాతలనాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. "పాపది ఏ బోర్డమ్మా?" అన్నాడు ఎక్కీ ఎక్కగానే. నాకు నవ్వొచ్చింది. "నవ్వకండమ్మా. మా పాపది బెంగాల్ బోర్డు, పక్కింటి పాపది సెంట్రల్. మధ్యన గోడొకటే, గానీ ఆటకి పిలుసుకోరు. ఇద్దరూ మాటాడుకునేది సరోజినమ్మ ట్యూషన్లోనే. సూస్తారేటి?" లావణ్య మొహం వాడిపోయింది. సరే పోనివ్వమన్నాను.

సరోజినమ్మ రిటైరైన టీచరు. వరండాలో పొడవాటి చాప, దానిమీద రెండు బోర్డుల పిల్లలూ కలిసి ఉన్నారు. ఏ పాఠం ఎవరి పుస్తకంలో ముందు వస్తే వాళ్ళే పక్కవాళ్ళకు చెప్పాలి, అదీ ఆవిడ పద్ధతి. "తల్లులు పోరితే ఒక ఏడు ఏరే ఏరే సాపలేసినాను. దుర్గాపూజ పందిట్లో కూడా ఏరేగానే కూకున్నారమ్మా. మళ్ళీ కలిపేసినాను" అంది.

తర్వాత మా సంగతి విని లావణ్య వైపు తిరిగి, "సమీకరణాలు అయిపోయినాయా నీకు? అయితే ఆ పాపకి సెప్పు" అంది. ఆ పాప సెంట్రల్ బోర్డు. మొదట ముడుచుకుపోయిన మా పిల్ల, కాసేపటికి పెన్సిలు లాక్కుని మరీ చెప్పడం మొదలుపెట్టింది. "ఏడాది పోనక్కర్లేదు. వేసవంతా నా దగ్గర కూకుంటే తొమ్మిదిలోకి పెట్టే ప్రవేశ పరీక్ష గట్టెక్కేస్తాది. ఏటా ఇలా బోర్డు మారి వచ్చినోళ్ళు గట్టెక్కతానే ఉన్నారు" అంది సరోజినమ్మ. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

ఎవరి పుస్తకం గొప్పదని ఊళ్ళో పెద్దవాళ్ళు వాదించుకుంటూనే ఉంటారు కాబోలు. పిల్లలను విడదీస్తున్నది ఆ వాదనే గాని పాఠాలు కావని నాకనిపించింది. బోర్డు మారే పిల్లలున్న వాళ్ళకు ఒక మాట: పాత పాఠ్యపుస్తకాలు తూకానికి అమ్మేయకండి, వెంట తీసుకెళ్ళండి, అక్కడ పక్కవాళ్ళకు చెప్పడానికి పనికొస్తాయి. తిరుగు బండి ఎక్కకముందే మా ఆయనకు ఫోన్ చేశాను, ఖరగ్‌పూర్‌లో ముగ్గురికి సరిపడా ఇల్లు చూడమని.