పద్దెనిమిదిన్నర

జువాలజీ సార్ పోయిండ్రు. మొన్న మంగళారం పొద్దున షటర్ లేపుతుంటే సార్ భార్య, మేడం ఫోన్ చేసింది. "మాస్టర్ గారూ, మీ సార్ ఇక రారండి" అన్నది. నిద్రలనే పోయిండ్రంట. సగం లేపిన షటర్ పట్టుకొని గట్లనే నిలబడ్డ. లోపల అలమరల సార్ ఇచ్చిన గుడ్డ కనబడుతున్నది, లేత నీలం గీతలది. ఇంకా కోయలే. కొత్త బ్యాచ్ మొదలయ్యే లోపల కావాలన్నరు.

నాది అమీర్‌పేటల, మైత్రీవనం వెనక గల్లీల చిన్న టైలర్ దుకాణం. మా తాత మగ్గం నేసిండు, మా నాయన కత్తెర పట్టిండు, నేను సుత గదే. సార్‌ది ఆంధ్ర, ఉండేది పంజాగుట్టల. డాక్టర్లు కావాలనుకునే పిల్లలకు కోచింగ్ సెంటర్‌ల జువాలజీ చెప్పేటోళ్లు. పద్నాలుగేండ్లు, ఏటా రెండు చొక్కాలు నా దగ్గరనే కుట్టించుకున్నరు.

"పాత కొలతతోని కొత్త గుడ్డ కోయొద్దురా" అని మా నాయన చెప్పిండు. ఎంత పాత గిరాకీ అయినా మళ్ల టేపు పెట్టాల్సిందే. నేను కొలిచి పైకి చెప్త, సార్ నా పుస్తకం గుంజుకొని రాస్తరు. "నీ రాత కోడి కెలికినట్టుందయ్యా, ఇటివ్వు" అనేటోళ్లు. నాకు మస్తు కోపమొచ్చేది. అయినా ఇచ్చేటోణ్ణి. ఆ గుండ్రటి అక్షరాలు చూస్తే దుకాణానికే ఒక ఇజ్జత్ వచ్చినట్టుండేది.

ఒకపారి టేపు వీపు మీద పెట్టి అడిగిన, "సార్, మనిషి ముసలోడు ఎందుకైతడు? అరిగిపోతడు, గంతే గదా? నా మిషన్ లెక్క."

"నీ మిషన్ తనంతట తాను బాగుపడుతుందా? ఒళ్ళు బాగుపడుతుంది. సూది గుచ్చుకున్న నీ వేలు మానలేదూ? మరి ఆ మరమ్మతు ఎందుకు తగ్గిపోతుందన్నదే అసలు ప్రశ్న" అన్నరు. ఇగ క్లాసు మొదలు. ఒంట్ల కణం ఒకటి రెండైతదంట. అట్ల అయినప్పుడల్లా లోపలి పోగుల చివర్లు జర జర కురచయితయంట. "ప్యాంటు అంచు కత్తిరించి మళ్ళీ మడుస్తావు చూడు, ఎన్నిసార్లు మడుస్తావు?" అన్నరు. పీల్చే గాలే లోపల తుప్పు లెక్క పనిచేస్తదని కొందరంటరంట. ఇంకొందరేమో, ఒంటికి ఉన్న బలం కొంచమే, అది పిల్లలను కని సాకేందుకు ముందు ఖర్చయితది, సొంత మరమ్మతుకు మిగిలింది తక్కువ అంటరంట.

"మా నాయన గంతే సార్. దసరాకు మా అందరివి కుట్టేసరికి ఆయన చొక్కాకు గుడ్డ మిగిలేది కాదు" అన్న.

సార్ కలం ఆపిండ్రు. తర్వాత మెల్లగ, "ఈ ముక్క రేపు క్లాసులో చెప్తానయ్యా" అన్నరు.

"గివాట్ల ఏది కరెక్ట్ సార్?"

"ఒక్కటే కారణం అని ఎవడైనా అంటే నమ్మకు. బిట్ పేపర్లో నాలుగు ఆప్షన్లుంటాయి, ఒకటి టిక్ పెడతాం. ఒళ్ళు అలా కాదు."

ఇంత తెలిసిన మనిషి. అయినా ఆరో ఏడు భుజం కొలిచి "పద్దెనిమిది" అని చెప్పంగనే మొఖం చిన్నబోయింది. అప్పటిదాంక పద్దెనిమిదిన్నర. "సరిగ్గా చూడు మాస్టర్, టేపు జారిందేమో" అన్నరు. నాకు పానం ఉసూరుమన్నది. "అవు సార్, జారింది. పద్దెనిమిదిన్నరే" అన్న. సార్ నిమ్మలంగ రాసుకున్నరు. నేను మాత్రం పద్దెనిమిదికే కోసిన.

గట్ల మొదలైన అబద్ధం ఆగలే. భుజం పదిహేడుకు దిగింది. వీపు వంగింది, ముందు భాగం పొట్టిగ, వెనక భాగం పొడుగ్గ కోయాల్సి వచ్చింది. నోటితోని పాత కొలతే చెప్పుడు, అసలుది మనసుల పెట్టుకొని కోసుడు. పుస్తకంల చూస్తే మా సార్‌కు వయసే రాలేదు. మొన్న ఆఖరుసారి వచ్చినప్పుడు సుత, కలం పట్టుకొని అడిగిండ్రు, "భుజం ఎంతయ్యా?" పద్దెనిమిదిన్నర అనే చెప్పిన. నిజం తెల్వాల్సిన మనిషికి నిజం చెప్పకపోతినే అని ఆ మంగళారం నుంచి నాకు ఒకటే మనాది.

దినాలయినంక మేడం దుకాణానికి వచ్చింది, చేతిల పెద్ద సంచి. బల్ల మీద గుమ్మరిస్తే అన్నీ నేను కుట్టిన చొక్కాలే. ఒక్కోదాని కాలరు లోపల సార్ రాతతోని సంవత్సరం వేసి ఉన్నది. మేడం వాటిని ఒకదాని మీద ఒకటి పరిచింది. ఏ ఏటికాయేడు భుజాలు లోపలికి జరుగుతున్నయి.

"ముసలితనం పాఠం రోజున ఇవి క్లాసుకి పట్టుకెళ్ళేవారండి. మా టైలర్ నోరు అబద్ధమాడుతుంది గానీ కత్తెర ఆడదర్రా అని పిల్లల్ని నవ్వించేవారు."

నాకు సిగ్గుతోని తల లేవలే. "మరి నన్నెందుకు అడగలేదమ్మా?"

"నేనూ అదే అన్నానండి. ఏడాదికోసారి పద్దెనిమిదిన్నర అని ఒకడు అంటుంటే వినడానికి బాగుంటుందే, అననీ, అన్నారు."

అలమరల గుడ్డ తీసి ఆమె చేతిల పెట్టబోయిన. "నేనేం చేసుకోనండి, మీరే ఉంచండి" అని వెళ్లిపోయింది.

ఆమె పోయినంక సార్ రాసిన పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టిన. సుద్దతోని గీసిన. నాయనా, తప్పయితే మాఫ్ చెయ్యి. ఆ అబద్ధం మొదలైనంక మొదటిసారి పుస్తకంల ఉన్న కొలతకే కోసిన. వంపు లేదు, తగ్గింపు లేదు. కాజాలు సుత నేనే చేత్తోని కుట్టిన.

ఇప్పుడది నా మిషన్ పక్కన హ్యాంగర్‌కు ఉన్నది. ఫ్యాన్ వేస్తే గాలి జొరబడి నిండుగ ఉబ్బుతది, పద్దెనిమిదిన్నర భుజాలతోని. కరెంటు పోయినప్పుడు మెల్లగ దిగుతది. నేను టేపు మెడల వేసుకొని ఫ్యాన్ దిక్కు చూస్త కూసుంట.